టీచరమ్మ పేరు ఎట్ల రాయాల?

మదనపల్లెలో నేను చూసుకునే కాలేజీ లైబ్రరీకి కుప్పం నుంచి ఒక పరిశోధన విద్యార్థిని వచ్చింది. ఇక్కడి ముస్లిం ఆడవాళ్ళు పెండ్లిండ్లలో పాడే దక్కనీ ఉర్దూ పాటల మీద పని చేస్తోంది. తెల్లారే బస్సెక్కినా మా ఊరు చేరేసరికి ఎండ నడినెత్తికి వచ్చింది. తన మొదటి అధ్యాయం నా ముందు పెట్టి, తప్పులుంటే దిద్దమంది. రెండో పేజీలోనే ఒక వాక్యం కనిపించింది. ఈ ప్రాంతపు పెండ్లి పాటల మీద ఇంతవరకూ ఎవరూ ఏమీ రాయలేదట.

"రాసినారు కదా పాపా," అన్నాను.

"యాడ మేడమ్? నెట్‌లో అంతా ఎతికినా. ఒక్కటి కూడా రాలే."

వెనక బీరువాలో నుంచి బైండు చేసిన సంచికలు తీసుకొచ్చాను. అదొక సన్నటి పరిశోధన పత్రిక. డిగ్రీలో నాకు తెలుగు చెప్పిన సార్ పుంగనూరులో ఉంటూ చాలా ఏండ్లు ఒంటిచేత్తో నడిపారు. ఆ ఊరి ఉర్దూ స్కూలు టీచరమ్మ ఒకామె ఈ పాటల మీద అందులో వరసగా రాసింది. ఆ పిల్ల బీరువాల మధ్య నేల మీదే కూర్చుని చదవడం మొదలుపెట్టింది. నా క్యారియర్‌లోని పెరుగన్నం సగం పెట్టి ఇస్తే, పేజీ మీద నుంచి కన్ను తీయకుండానే తినింది.

"నేను ఊరూరూ తిరిగి అడగతాండేవన్నీ ఈయమ్మ అప్పుడే అడిగేసింది మేడమ్," అంది. సంతోషమో దుఃఖమో నాకు తెలియలేదు. తర్వాత తలెత్తి, "మరి నాకు యాల దొరకలే?" అంది.

ఆ ప్రశ్నకు జవాబు నేనే చెప్పాలి. మా కేటలాగులో పత్రిక పేరు ఒక్క వరసలో రాసి వదిలేసింది నేనే. లోపల ఏ వ్యాసాలున్నాయో, ఎవరు రాశారో ఎక్కడా ఎక్కించలేదు. ఇక నెట్‌లో వెతికితే ఏం దొరుకుతుంది?

ఆ ఆదివారమే పుంగనూరు పోయాను. సార్ ఇంట్లో పాత సంచికలు అటక మీద కట్టలు కట్టలుగా ఉన్నాయి. ఒకప్పుడు వాటిని సంచిలో వేసుకుని బి.కొత్తకోట, గుర్రంకొండ బస్సులెక్కి, లైబ్రరీలకు ఆయనే ఇచ్చి వచ్చేవారు. ఇప్పుడు ప్రతి వ్యాసం శీర్షిక, రాసినవాళ్ళ పేరు, సంచిక, పేజీలు, నాలుగు ముక్కల్లో సారాంశం, వెతికేవాళ్ళు కొట్టే మాటలు, ఇవన్నీ నెట్‌లో అందరికీ తెరిచి ఉండే ఒక సూచికకు పంపిద్దాం అన్నాను. మెటాడేటా అంటే ఇంతే సార్ అన్నాను.

ఆయన మొహం ముడుచుకున్నారు. "అట్ల ఊరికే ఇచ్చేస్తే ఎవడో వాని పేరు పెట్టుకోడా అమ్మా?"

"వ్యాసం ఇచ్చేయడం లేదు సార్. ఎవరు రాసినారో, యాడ ఉండాదో చెప్తాండాము. పేరు నలుగురికీ తెలిస్తే దొంగిలించేదే కష్టం."

ఆయన ఇంకా ఆలోచిస్తుంటే వంటింట్లో నుంచి ఆయన భార్య అందుకున్నారు. "అటక మీద ఎవరికోసరం దాస్తాండారు? ఎలకలకా?"

సార్‌కు నవ్వొచ్చింది. స్టూలు తెమ్మన్నారు.

తర్వాత చాలా ఆదివారాలు అట్లాగే గడిచాయి. ఆయన చదివితే నేను ల్యాప్‌టాప్‌లో కొట్టేదాన్ని. ప్రతి వ్యాసానికీ, దాన్ని రాసినవాళ్ళ గురించి ఒక కథ చెప్పేవారు కాబట్టి పూటకు రెండు సంచికలు దాటేవి కావు. నేను 'జానపద గేయాలు' అని కొడితే ఒప్పుకోలేదు. "హల్దీ పాటలు అని కూడా పెట్టు. పసుపు పూసేటప్పుడు పాడేటోళ్ళు అదే అంటారు," అన్నారు.

టీచరమ్మ పేరు దగ్గర బండి ఆగిపోయింది. ఒక సంచికలో పేరు ముందు తండ్రి ఇంటి పేరు, ఇంకో దాంట్లో భర్త పేరు, మరో దాంట్లో చివర బేగం, ఇంగ్లీషు విషయసూచికలో ఇంకో స్పెల్లింగు. ఉన్నది ఉన్నట్టు ఎక్కిస్తే కంప్యూటరు ఆమెను నలుగురు మనుషులనుకుంటుంది. "నువ్వే ఏదో ఒకటి చేసేయమ్మా," అన్నారు సార్. నాకు మనసొప్పలేదు. ఆమె ఇల్లు రెండు వీధుల అవతలే. ఇద్దరం నడుచుకుంటూ పోయాం.

"నా పేరా?" అంది టీచరమ్మ. "పెండ్లికి ముందర మా నాయనది పెట్టిరి, ఆపైన మా ఆయనది. ఆఫీసోళ్ళు వాళ్ళకు తోచినట్ల రాసుకొనిరి. ఎట్ల రాయాలని నన్నెవరూ అడగలేదు తల్లీ."

క్యాలెండరు కాగితం తిరగేసి ఉర్దూలో, తెలుగులో, ఇంగ్లీషులో రాసి చూసుకుంది. చాలాసేపు చూసుకుంది. చివరికి తన పేరొక్కటే ఉంచింది. "ముందర ఏమీ వద్దు. పాటల కోసరం ఒక్కదాన్నే తిరిగినా," అంది. పాత రూపాలు కూడా పక్కన ఎక్కించాను, వాటితో వెతికినా ఆమే దొరకాలని.

తీరా అంతా పంపితే తెలుగు అక్షరాలన్నీ ప్రశ్న గుర్తులై కనిపించాయి. నాకు ఏడుపొకటే తక్కువ. సార్ మాత్రం స్క్రీనులోకి తొంగిచూసి, "మన మాట మీద దానికి శానా అనుమానాలుండాయే," అన్నారు. తెలిసినవాళ్ళను అడిగి, ఫైలు సరైన పద్ధతిలో భద్రం చేసి మళ్ళీ పంపాను.

కొన్ని నెలలకు కుప్పం నుంచి ఫోను. "వచ్చినాది మేడమ్! హల్దీ పాటలు అని కొడితే టీచరమ్మది మొదట్నే వచ్చినాది!" తన అధ్యాయంలో ఎవరూ ఏమీ రాయలేదన్న వాక్యం కొట్టేశానని కూడా చెప్పింది. అదే వారం కోలారు నుంచి ఒక లెక్చరరు పాత సంచిక కావాలని సార్‌కు రాశారు. సార్ తనే పోస్టాఫీసుకు పోయి పార్సిలు చేసి వచ్చారు.

ఆ పిల్లను టీచరమ్మ దగ్గరికి నేనే తీసుకుపోయాను. సార్ కూడా వచ్చారు. టీచరమ్మ ఒక పాట సగం పాడి, మిగతాది పాడమంది. పిల్ల పాడింది. మాటలు వేరేగా ఉన్నాయి. మా దిక్కు ఇట్లే పాడతారని పిల్ల, అది తప్పని టీచరమ్మ, ఇద్దరూ వాదన వేసుకున్నారు. టీ చల్లారిపోయింది. ఆఖరికి టీచరమ్మే, "రెండూ రాద్దాం. నువ్వు రాయి, నేను చెప్తా. ఇద్దరి పేర్లూ వేయాల," అంది.

పత్రిక మూసేశానని ఏండ్లుగా చెప్తున్న సార్, "దీనికోసరం ఇంకో సంచిక తీద్దాం," అన్నారు. వ్యాసంలో ఇంకా ఒక్క అక్షరం పుట్టలేదు. ఇద్దరి పేర్లూ ఎక్కించమని అప్పుడే నన్ను ల్యాప్‌టాప్ తెరవమన్నారు.