నిమిషానికి ఇరవై మాటలు

పద్దెనిమిదేళ్ళు ఐదో తరగతికి తెలుగు చెప్పినందుకు నా గొంతులో రెండు కాయలు కాశాయి. డాక్టరు వాటిని కోసేసి, రెండు నెలలు నోరు తెరవకూడదన్నాడు. గుసగుసలు కూడా పనికిరావట, అవి అరుపుల కంటే చెరుపట. ఆ మాట విన్నాక మా అత్తగారి ముఖం ఎందుకో కాస్త తేటపడింది.

మా ఇల్లు తిరువొత్తియూరులో, నా బడి జార్జి టౌన్‌లో. అత్తవారు తరతరాలుగా మద్రాసులోనే ఉన్నవాళ్ళు. ఇంట్లో మాట్లాడుకునేది తెలుగే గాని, చదవడం రాయడం తమిళంలోనూ ఇంగ్లీషులోనూ. ఆ ఇంట్లో తెలుగు చదవడం వచ్చినదాన్ని నేనొక్కతెనే. నా గుండ్రటి దస్తూరీకి అక్కడ పాఠకులు లేరు. పోనీ అని ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు మాటలు చీటీ మీద రాసిస్తే, మా ఆయన "చూస్తాలే" అని మడిచి జేబులో వేసుకునేవారు. చొక్కాతో పాటు అవీ ఉతుకుకు పోయేవి.

ఆ రోజుల్లోనే, సింగపూర్‌లో పనిచేసే మా మరిది వాళ్ళన్నకని ఒక డైరీ యంత్రం తెచ్చాడు. అరచేతిలో ఇమిడే నల్ల డబ్బా, దానికో ప్లాస్టిక్ పుల్ల. అద్దం అడుగున ఉన్న గడిలో పుల్లతో ఒక్కో అక్షరం రాస్తే పైన ఇంగ్లీషు అచ్చక్షరమై కనిపిస్తుంది. మా ఆయన రెండు రోజులు తంటాలు పడి, తన పేరు రాస్తే ఇంకెవరి పేరో వస్తోందని బీరువాలో పడేశారు. నేను తీసుకున్నాను. చీటీ ముట్టని వాళ్ళు ఆ అద్దంలో పడే అక్షరాలు చూడడానికి మాత్రం మూగేవాళ్ళు. సింగపూర్ వస్తువు మరి.

చిక్కల్లా వేగంతోనే. ఆ యంత్రానికి దాని సొంత అక్షరాభ్యాసం ఉంది. పుల్ల ఎత్తకుండా ఒక్క గీతలో అక్షరం ముగియాలి. ఇంగ్లీషు 'ఎ' రాయాలంటే అడ్డగీత లేకుండా గుడిసె కప్పులా గీయాలి. ఏళ్ళ తరబడి పిల్లలచేత సున్నాలు చుట్టించిన చెయ్యి నాది, ఆ కర్రగీతలకు ఒక పట్టాన లొంగలేదు. 'నాకు వద్దు' అని రాసేలోపు ఉప్మా కంచంలో పడేది.

ఉప్మాతో సర్దుకున్నాను. కానీ ఒక ఆదివారం అత్తగారు మా ఆయనతో, "గొంతే పోయినాక ఇంకేం బడిరా? రాజీనామా ఇచ్చేయమను. ఇంట్లోనే ఉండనీ" అన్నారు. నేను పుల్ల తీశాను. 'నేను' పడింది. రెండో మాట సగంలో ఉండగా, "ఏమే, సరేనా?" అన్నారు. తొందరలో ఒక అక్షరం తప్పు పడి, చెరిపాను.

"ఏం అనలేదే. అప్పుడు సరే అనేగా? మౌనం అర్ధాంగీకారం అంటారు."

"సరిమ్మా" అన్నారు మా ఆయన.

'నేను మానను' అని పూర్తి చేసి తలెత్తేసరికి ఇద్దరూ టీవీ ముందున్నారు. తీసుకెళ్ళి చూపించాను. మా ఆయన చదివి, "ఆలోచిస్తానంటా ఉండాదమ్మా" అని వాళ్ళమ్మకు వినిపించారు. నాకు ఒళ్ళు మండిపోయింది. అరుద్దామంటే గొంతు లేదు.

పన్నెండు రోజుల తర్వాత, రాజీనామా సంగతి తేల్చడానికి, బడి నడిపే కరస్పాండెంటు గారిని కలవాలి. చీటీ రాసుకెళ్తే అది మా ఆయన జేబులోకే పోతుంది, అక్కడ ఏమడుగుతారో ముందే తెలియదు. ఆలోపు నా చెయ్యి మా ఆయన నోటిని దాటకపోతే ఉద్యోగం పోయినట్టే. అత్తగారు పక్కింటావిడతో గోడ మీదుగా మాట్లాడుతుంటే, వంటింట్లో కూర్చుని ఆవిడ మాటలు రాయడం మొదలుపెట్టాను. ఆవిడంత వేగంగా మాట్లాడే మనిషిని నేను ఇంతవరకూ చూడలేదు. మొదటి రోజు పది మాటలకు ఒకటి చిక్కింది. వారం తిరిగేసరికి సగం చిక్కాయి. ఆ సగంలో ముప్పాతిక నా గురించే. డాక్టరు దగ్గరికి వెళ్ళే బస్సులో హ్యాండ్‌బ్యాగు మీద వేలితో దిద్దుకుంటుంటే, పక్కనున్నావిడ లేచి వేరే సీటుకు వెళ్ళిపోయింది. చివరికి గడియారం పెట్టుకుని చూస్తే నిమిషానికి ఇరవై మాటలు వచ్చాయి. మా ఆయనది నిదానమైన నోరు. సరిపోతుందనుకున్నాను.

కరస్పాండెంటు గారు జార్జి టౌన్‌లో పాత తెలుగు వ్యాపారి, పెద్దాయన. మా ఆయన టైపు చేయించిన రాజీనామా, నా సంతకం కోసం, ఆయన బల్ల మీద ఉంది. "ఏమ్మా, ఉద్యోగం వద్దంటా ఉండావంట, నిజమేనా?" అని నన్నే అడిగారు. జవాబు మా ఆయన అందుకున్నారు. మర్యాదస్తుడు గనక డాక్టరుతో మొదలుపెట్టి, సుద్దముక్క పొడి, సముద్రపు గాలి మీదుగా "అందుకని ఇంక ఇంట్లోనే..." దాకా వచ్చారు. అప్పటికి నాది పూర్తయింది. యంత్రాన్ని కాగితం మీద పెట్టాను.

"నేను చదివి చెప్తాను సార్" అని మా ఆయన చెయ్యి చాపారు.

"నాకు కళ్ళుండాయి నాయనా" అని పెద్దాయన అద్దాలు పెట్టుకున్నారు.

'నేను మానతాననలేదు. నన్నెవరూ అడగలేదు. నెలాఖరుకు గొంతు రాకపోతే నేనే వచ్చి చెప్తాను. అంతదాకా సెలవు ఇవ్వండి.'

రెండుసార్లు చదివారు. రాజీనామా కాగితం మడిచి మా ఆయన చేతికిచ్చారు. ఆయన అలవాటు కొద్దీ జేబులో పెట్టుకున్నారు.

"నెలాఖరు దాకా సెలవు ఇస్తా ఉండాను. నీకేమైనా అభ్యంతరమా నాయనా?"

మా ఆయన నావైపు చూశారు. తర్వాత ఆ డబ్బా వైపు చూశారు. 

"ఏం అనలేదు. అప్పుడు సరే అనే" అని పెద్దాయన సెలవుచీటీ మీద సంతకం పెట్టేశారు.

మా ఆయన మనసులో ఒప్పుకోలేదని నాకు తెలుసు. నేను నోరు మూసుకున్న అయిదు వారాల్లో మాట్లాడకపోవడానికీ ఒప్పుకోవడానికీ ఉన్న తేడా ఆయనకు పట్టలేదు. ఆ రోజు నాకూ పట్టలేదు.