రికార్డు ఆగిన చోట

ఆ కాలేజీలో ఆమెను అందరూ ఆధారం మేడమ్ అంటారు. అసలు పేరు జీతాల రిజిస్టరులో ఉండే ఉంటుంది గానీ ఆ పేరుతో పిలిచే నాథుడు లేడు. "అందరూ ఇలాగే అనుకుంటున్నారు మేడమ్" అని ఏ కుర్రాడైనా నోరు జారాడా, కళ్ళజోడు పైనుంచి చూసి "ఆధారం?" అంటుంది. అంతే, వాడు నీళ్ళు నములుతాడు. అలవాటు ఎంత ముదిరిపోయిందంటే, పక్కింటావిడ గోడ మీంచి "రేపు వానొస్తుందటండీ" అన్నా ఆ మాటే నాలుక చివరిదాకా వస్తుంది. ఇరుగుపొరుగుతో గొడవెందుకని మింగేస్తుంది.

లైబ్రరీ వెనక, పాత ప్రశ్నపత్రాల గదికీ మెట్లకీ మధ్య ఇరుక్కుపోయిన గది ఆమెది. డిగ్రీ పిల్లలకు పరిశోధన ఎలా చెయ్యాలో నేర్పడం, నేర్చుకున్నవాళ్ళను లెక్చరర్ల దగ్గర సహాయకులుగా కుదర్చడం ఆమె ఉద్యోగం. చెప్పడానికి ఒక్క ముక్క, చెయ్యబోతే తల ప్రాణం తోకకొస్తుంది. పిల్లలేమో ఇంటర్నెట్‌లో మొదట కనబడినదాన్ని ఎత్తిరాసి దానికి పరిశోధన అని పేరు పెడతారు. లెక్చరర్లేమో "ఒక పిల్లాణ్ణి పంపండి మేడమ్, జిరాక్సులు తీయించాలి" అంటూ వస్తారు.

"జిరాక్సులకైతే గేటు ఎదురుగా షాపుందండీ" అంటుందామె. "నా పిల్లలు వెతుకుతారు, చదువుతారు, మీరు రాసినదాంట్లో తప్పుంటే చూపిస్తారు. చూపిస్తే కోపం తెచ్చుకోనంటే చెప్పండి, రేపే పంపిస్తాను."

కోపమొచ్చేవాళ్ళు మళ్ళీ ఆ ఛాయలకు రారు. కోపం రానివాళ్ళు మాత్రం ఏటా ఆమె గుమ్మం ముందు నిలబడతారు. ఆమె తయారు చేసిన పిల్ల పక్కనుంటే పుస్తకం సగం పూర్తయినట్టేనని వాళ్ళకు తెలుసు.

ఆమె చెప్పే మొదటి పాఠం వినడం. కొత్తగా చేరినవాళ్ళందరికీ ఒకే రికార్డింగు వినిపిస్తుంది. ఒక లిఫ్టు మెకానిక్కును ఎవరో విద్యార్థిని చేసిన ఇంటర్వ్యూ అది. విన్నది విన్నట్టు కాగితం మీద పెట్టాలి. దగ్గితే దగ్గాడని, నవ్వితే నవ్వాడని, మాట మింగేస్తే మింగేశాడని రాయాలి. మెకానిక్కు మంచి మాటకారి. లిఫ్టు తాళ్ళు ఏ చోట ముందు అరుగుతాయో చెబుతాడు. లిఫ్టు ఆగిపోతే లోపలున్న పెద్దమనుషులు ఏయే దేవుళ్ళకు మొక్కుకుంటారో గొంతులు మార్చి మరీ వినిపిస్తాడు. పిల్లలు రాయడం మానేసి నవ్వుతారు. అంతలో ఇంటర్వ్యూ చేస్తున్న అమ్మాయి అడుగుతుంది:

"మీకు బాగా భయమేసిన రోజు ఏదైనా ఉందా అండీ?"

"ఉంది" అంటాడు. ఆ తర్వాత ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ ఉండదు. "అది మా ఆవిడకి కూడా చెప్పలేదమ్మా. కాసేపు ఆపు దాన్ని."

టక్‌మని చప్పుడు. మళ్ళీ వెంటనే ఇంకో టక్. "ఆఁ, ఇప్పుడు పెట్టుకో. ఏం అడుగుతున్నావు, జీతం సంగతా?"

ఇక్కడ ఆమె రికార్డింగు ఆపి పాఠం చెబుతుంది. ఆపమన్నప్పుడు ఆపాలి. ఆపాక చెప్పింది మీది కాదు, ఆయనది. రాయకూడదు. స్నేహితుడికి చెప్పకూడదు. మీ ప్రొఫెసరు అడిగినా చెప్పకూడదు, నేను అడిగినా చెప్పకూడదు. ఇంత చెప్పి, మిగతాది వినమని కిటికీ వైపు తిరుగుతుంది. పిల్లలు రాసుకునే హడావుడిలో ఉంటారు కాబట్టి ఆమె ముఖం చూసేవాళ్ళుండరు.

ఆ మెకానిక్కు ఆమె మొగుడు. ఆ సంగతి పిల్లలెవరికీ తెలియదు.

ఇంటర్వ్యూ చేసింది ఆమె మొట్టమొదటి శిష్యురాలు. అప్పట్లో ఈ పనికి ఊరూ పేరూ లేదు, ముక్కూ మొహం తెలియని కాలేజీ పిల్లకు ఎవరు ఇంటర్వ్యూ ఇస్తారు? "మా ఆయనున్నాడుగా, పొద్దస్తమానం వాగుతూనే ఉంటాడు" అని ఆమే ఆ పిల్లను ఇంటికి తీసుకెళ్ళింది. ఇంట్లోవాళ్ళు ఎదురుగా ఉంటే మనిషి మాట మారిపోతుందన్నది కూడా ఆమె నియమమే. అందుకని ఇద్దర్నీ కూర్చోబెట్టి, చెప్పులేసుకుని వీధి చివరిదాకా వెళ్ళిపోయింది. తిరిగొచ్చేసరికి రికార్డరు ఇంకా తిరుగుతూనే ఉంది. అందుకే చివర్లో తలుపు చప్పుడూ, ఆయన గొంతూ వినిపిస్తాయి. "వచ్చావా?" అంటాడు. అక్కడితో అయిపోతుంది. కొత్త పిల్లలు ఆ మాట శ్రద్ధగా రాసి, ఎవరో వచ్చారు అని పక్కన చేరుస్తారు. ఆమె ఎర్ర పెన్నుతో టిక్కు పెడుతుంది.

ఇంటర్వ్యూ జరిగిన రోజే రికార్డింగు విని, ఆ రాత్రి భోజనాల దగ్గరే ఆయన్ని నిలదీసింది.

"ఏంటది, నాకు చెప్పనిది?"

"ఆ పిల్లని అడుగు" అన్నాడాయన తాపీగా.

"అడగకూడదని నేర్పింది నేనేగా!"

"మరింకేం? నువ్వూ నీ రూలూ" అని నవ్వాడు. ఆమెకూ నవ్వొచ్చింది. ఈ మనిషి నోట్లో నువ్వుగింజ నానదు, ఎప్పుడో ఒకప్పుడు ఆయనే కక్కేస్తాడులే అనుకుని ఊరుకుంది. ఆ ఏడాదే, ఎక్కడో ఒక పెద్ద భవనంలో లిఫ్టు బాగు చేసి, కిందికి వచ్చి, మెట్ల మీద కూర్చుని మరి లేవలేదాయన. గుండె అన్నారు డాక్టర్లు.

గొంతైనా మిగిలింది, అదృష్టవంతురాలివి అన్నారు చుట్టాలు. ఏం అదృష్టమో! మనిషి పోయి గొంతు మిగిలితే అది ఎలాంటి తోడో, దానితో కాపురం చేసినవాళ్ళకే తెలుస్తుంది. పాఠానికి ఇంకో రికార్డింగు పెట్టుకోవచ్చుగా అని మనకు అనిపిస్తుంది. ఆమెకూ అనిపించింది. చాలాసార్లు ఇంకొకటి సిద్ధం చేసుకుంది కూడా. తీరా పిల్లలు వచ్చి కూర్చున్నాక చెయ్యి పాతదాని మీదికే పోయేది. అది వినిపించకపోతే ఆయన నిజంగా పోయినట్టు. వినిపిస్తే, ఆ రెండు టక్కుల మధ్య ఎక్కడో తలుపేసుకుని కూర్చున్నట్టు. కొత్త బ్లాకులో లిఫ్టు పెట్టారు గానీ ఆమె ఎక్కదు. మోకాళ్ళు మొరపెట్టుకున్నా మెట్లే. లిఫ్టు ఆగేటప్పుడు అదే టక్ వినిపిస్తుంది.

ఆ మొదటి శిష్యురాలు ఇప్పుడు అదే కాలేజీలో, పై అంతస్తులో, చరిత్ర లెక్చరరు. మధ్యాహ్నం ఇద్దరూ కలిసి టీ తాగుతారు. పిల్లల తిక్క ప్రశ్నలు, ప్రిన్సిపాలు గారి తిక్క సర్క్యులర్లు, అన్నీ మాట్లాడుకుంటారు. ఆ ఒక్క మాట మాత్రం ఎత్తరు. టీ తాగుతున్నంతసేపూ మూడో మనిషి పక్కనే కూర్చుని ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూస్తున్నట్టుంటుంది ఆమెకు. ఆ మాట తెలిసిన మనిషి ఎదురుగా ఉంది, చెయ్యి చాపితే అందేంత దూరంలో ఉంది, ఎక్కడికీ పోదు అన్న ధైర్యంతోనే ఇన్నేళ్ళు నెట్టుకొచ్చింది.

ఈ ఏడు ఆ ధైర్యం కాస్తా పోయింది. లెక్చరరుకు ఇంకో ఊళ్ళో మంచి ఉద్యోగం వచ్చింది. నెలాఖరుకు వెళ్ళిపోతోంది. ఆ మాట విన్న వారంలోనే కొత్త బ్యాచ్ వచ్చింది. అందులో ఒక సన్నగొంతు పిల్ల. ఆవులిస్తే పేగులు లెక్కపెట్టే రకం. రికార్డింగు విని, చెయ్యెత్తింది.

"మేడమ్, రికార్డు ఆపినప్పుడు ఈయన ఏడ్చారు."

వెనక బెంచీలో కిసుక్కుమన్నారు.

"ఆధారం?"

"ముక్కు పట్టేసింది మేడమ్. ఆపకముందు మాట స్పష్టంగానే ఉంది. మళ్ళీ పెట్టాక కాసేపు జలుబు చేసినవాళ్ళలాగా మాట్లాడారు, తర్వాత అదే తగ్గిపోయింది. అంతలోనే వచ్చి అంతలోనే పోయే జలుబు ఉండదుగా?"

ఆమె వెనక్కి తిప్పి పెట్టింది. ఏం అడుగుతున్నావు, జీతం సంగతా? ఇంకోసారి పెట్టింది. ఆ పిల్ల చెప్పింది నిజమే. ఆ మాట మీద, ఆ పైన వేసిన జోకు మీద కూడా, ముక్కు ఎగబీల్చుకున్న తడి ఉంది. ఇన్నేళ్ళూ ఆమె ఆ గొంతు కోసమే విన్నది గానీ గొంతులో ఏముందో వినలేదు. "బాగా విన్నావమ్మా" అని మాత్రం అని, తలనొప్పిగా ఉందని క్లాసు వదిలేసింది.

ఆయన ఏడవగా ఆమె చూడలేదు. కన్నతల్లి పోయిననాడు కూడా వచ్చినవాళ్ళకు కుర్చీలు వేస్తూ తిరిగాడు. అలాంటి మనిషి కాలేజీ పిల్ల ఎదురుగా, పరాయి పిల్ల ఎదురుగా ఏడ్చాడు. కట్టుకున్నది అలా వీధిలోకి వెళ్ళిన కాస్త వ్యవధిలో ఏడ్చి, కళ్ళు తుడుచుకుని, ఆమె తలుపు తీసేసరికి ఏమీ ఎరగనట్టు కూర్చున్నాడు. ఆ వారమంతా ఇల్లు ఆమెను కుదురుగా ఉండనివ్వలేదు. స్విచ్చు వేస్తే టక్. తలుపు గొళ్ళెం పెడితే టక్. ప్రతిదాని వెనకా, పక్క గదిలో ఎవరో ముక్కు ఎగబీలుస్తున్నట్టు. వెళ్ళి చూస్తే ఎవరుంటారు? ఆయన కుర్చీ ఉంటుంది.

నెలాఖరుకు ముందు ఒక మధ్యాహ్నం మెట్లెక్కి లెక్చరరు గదికి వెళ్ళింది. ఆ అమ్మాయి నేలమీద కూర్చుని పుస్తకాలు అట్టపెట్టెల్లో సర్దుతోంది. ఆమె కూడా పక్కనే చతికిలబడి, పెట్టెలకు అంటించే టేపు కత్తిరించి ఇవ్వసాగింది. కొంతసేపు ఇద్దరూ పని చేశారు.

"ఒకటి అడగనా తల్లీ?"

లెక్చరరు చేతిలో పుస్తకం అలాగే ఆగిపోయింది. ఏం అడుగుతుందో ఆ అమ్మాయికి తెలుసు.

"ఆ రోజు మా ఆయన నీతో ఏం చెప్పాడు?"

"గుర్తులేదు మేడమ్."

తడుముకోకుండా వచ్చింది జవాబు. మరిచిపోయినవాళ్ళు అలా చెప్పరు. వెతుక్కుంటారు, తునకలు తునకలుగా ఏదో ఒకటి అంటారు. ఎంతమంది పిల్లలకు చెప్పిందో ఈ సంగతి!

"ఏడ్చాడా?"

లెక్చరరు తల ఎత్తలేదు. పుస్తకం అట్ట మీద టపటపా రెండు చుక్కలు పడ్డాయి. చీర కొంగుతో గబగబా తుడిచింది.

"మీరు అడుగుతారని మొదటి ఏడాది నుంచీ భయపడుతూనే ఉన్నాను మేడమ్. మీరు నేర్పినవాటిలో నేను ఇంతవరకూ తప్పనిది ఇదొక్కటే." పుస్తకం పెట్టెలో పెట్టింది. "కానీ నేను వెళ్ళిపోతున్నా. మళ్ళీ ఎప్పుడు కలుస్తామో ఏమో. ఇంకొక్కసారి అడగండి. చెప్పేస్తాను. పాపమో పుణ్యమో నేనే పడతాను."

ఆమె నోరు తెరిచింది. మళ్ళీ మూసి, టేపు అందుకుంది.

నియమం అడ్డం వచ్చిందనుకుంటే మనం పప్పులో కాలేసినట్టే. నియమం అప్పటికే పక్కకు తప్పుకుంది. అడ్డం వచ్చింది భయం. ఆయనకు భయమేసిన ఆ రోజు లిఫ్టులో కాకపోతే? ఆ అమ్మాయి అడిగింది భయమేసిన రోజు గురించి. లిఫ్టు మాట ఆ ప్రశ్నలో లేదు. ఇంట్లో అయితే? వేరే ఎవరికైనా చెప్పగలిగి, పెళ్ళానికి మాత్రం చెప్పలేని మాట, పెళ్ళాం గురించి కాక ఇంకెవరి గురించి ఉంటుంది? తను ఏమైనా అందా? ఏమైనా చేసిందా? ఇల్లు వదిలిపోవాలని ఎప్పుడైనా అనుకున్నాడా? ఈ ప్రశ్నలు ఈ క్షణంలో పుట్టినవి కావు. ఎప్పుడో పుట్టి, రూలు రూలు అని తను పెట్టిన కేకల చాటున ఇన్నాళ్ళూ గుట్టుగా పెరిగాయి. ఆ సంగతి ఆమెకు ఇప్పుడు తెలిసింది. తెలిసి సిగ్గేసింది.

"టేపు ఇంకాస్త కావాలా?" అంది.

లెక్చరరు ఆమె మొహంలోకి చూసింది. తర్వాత "చాలు మేడమ్" అంది. పెట్టె మూసి, ఇద్దరూ చెరోవైపు పట్టుకుని గోడ పక్కకు జరిపారు.

వెళ్ళేరోజు సామాను వ్యాను దగ్గరికి ఆమె కూడా వెళ్ళింది. కొత్త ఊళ్ళో నీళ్ళు ఎలా ఉంటాయో, ఇల్లు కాలేజీకి దగ్గరో కాదో మాట్లాడుకున్నారు. డ్రైవరు హారను కొట్టాడు. ఎక్కబోతూ లెక్చరరు ఆగి, ఆమె చెయ్యి పట్టుకుని, ఏమైనా అంటుందేమోనని చూసింది. "చేరాక ఫోన్ చెయ్యి" అంది ఆమె. వ్యాను కదిలింది. వీధి మలుపు తిరిగేదాకా ఆమె అక్కడే నిలబడింది. ఆయన మాట, ఆయన ఏడుపు, ఆ పూట ఆయన మొహం, అన్నీ పుస్తకాల పెట్టెలతో పాటు మలుపు తిరిగి వెళ్ళిపోయాయి. పిలిస్తే ఆగేది. పిలవలేదు.

ఇంటికొచ్చి, చెప్పులు కూడా విప్పకుండా ఆయన కుర్చీకి ఎదురుగా కూర్చుంది. సాయంత్రపు వెలుతురు కుర్చీ చేతి మీద పడుతోంది. ఆయన చెయ్యి ఆనీ ఆనీ అక్కడ రంగు పోయింది.

"నా గురించేనా?" అని పైకే అడిగింది.

ఆయన పోయాక ఆయన్ని ఏదైనా అడగడం అదే మొదలు. అడిగి, చేతులు ఒళ్ళో పెట్టుకుని, జవాబు వినడానికి కూర్చుంది.