ఎర్నెస్ట్ సార్ చెప్పిన మొన్న

మా ఎర్నెస్ట్ సార్ ఏ వ్యాపారంలో చెయ్యి పెడితే ఆ వ్యాపారానికి రోజులు దగ్గర పడ్డట్టే. ఈ మాట ఇప్పుడు గల్లీలో అందరూ అంటారు గానీ మొదట అన్నది నేనే. చాటుగా కాదు, ఆయన ముఖం మీదే అన్నాను. ఆయన నవ్వి, "ఔ శశికళా, నిజమే" అన్నారు. ఆయనతో వచ్చిన చిక్కే అది. తిట్టినా ఔననే అంటారు.

నాంపల్లి స్టేషన్ నుంచి అబిడ్స్ వైపు పోయే గల్లీలో నాది మ్యాచింగ్ సెంటర్. పక్క కొట్టు, మా మాటలో మడిగె, ఆయనది. నేను పెళ్లయి వచ్చేనాటికి అందులో టైపు ఇన్‌స్టిట్యూట్ నడిచేది, అందుకే ఆయన గల్లీ మొత్తానికి సార్ అయ్యారు. కంప్యూటర్లు వచ్చాక టైపు మిషన్లను పాత ఇనుము బండి ఎత్తుకుపోయింది. తర్వాత ఎస్టీడీ బూత్ పెట్టారు. ప్రతి జేబులోకీ ఫోన్ దూరింది, బూత్ అద్దాలగది బండెక్కింది. ఇంటర్నెట్ సెంటర్ పెట్టారు, దాని గతీ అంతే. మొబైల్ రీచార్జ్ పెడితే జనం ఎవరి ఫోన్‌కు వాళ్లే రీచార్జ్ చేసుకోవడం నేర్చారు. ప్రతిసారీ మడిగె ముందు ఒక బండి ఆగడం, ఉన్న సామానంతా ఎక్కించుకుని పోవడం. ఈయన దగ్గరుండి తాళ్లు కట్టించి, వచ్చినవాళ్లకు చాయ్ తాగించి పంపేవారు. నాకు ఒళ్లు మండిపోయేది. ఊడబీక్కుపోయేవాడికి చాయ్ ఏంటండీ!

చివరికి వచ్చింది ఈ బ్యాటరీల బీరువా. కరెంటు ఆటోల కోసం ఒక కంపెనీవాళ్లు తెచ్చి పెట్టారు. పన్నెండు ఖానాలు, ప్రతి ఖానాకూ ఒక తలుపు. ఆటో డ్రైవర్ వచ్చి ఫోన్ చూపిస్తే ఖాళీ ఖానా ఒకటి తెరుచుకుంటుంది. అయిపోయిన బ్యాటరీ అందులో పెట్టి మూస్తే, నిండిన బ్యాటరీ ఉన్న ఇంకో ఖానా దానంతటదే తెరుచుకుంటుంది. ఏది తెరవాలన్నది మిషన్ ఇష్టం, మనం బతిమాలినా మార్చదు. లోపల సిమ్ కార్డు ఉంది. ఏ బ్యాటరీ ఎంత నిండింది, ఏది వేడెక్కింది, ఎవరు తీసుకుపోయారు, అన్నీ ఎప్పటికప్పుడు కంపెనీకి చేరిపోతాయి. "మనం గీడ తుమ్మితే గాడ వాళ్లకు ఎరుకైతది" అని సార్ గొంతు తగ్గించి చెప్పేవారు, మిషన్‌కు వినబడుతుందేమోనని.

దాన్ని ఆయన చూసుకున్నట్టు నా మొగుడు నన్ను చూసుకోలేదు. పొద్దున షట్టర్ ఎత్తగానే పైనున్న పచ్చలైటు వెలుగుతోందా లేదా చూస్తారు. వెలిగితే నెట్ ఉన్నట్టు. పొడిగుడ్డతో ఖానాల్లో బ్యాటరీకి తగిలే పిన్నులు తుడుస్తారు. ఫ్యాన్ జాలీకి పట్టిన దుమ్మును పెయింటు బ్రష్‌తో దులుపుతారు. ఎవరైనా తడిగుడ్డ పట్టుకుని దగ్గరికొస్తే గయ్యిమంటారు. ఆయన గయ్యిమనే సంగతి లోకంలో అదొక్కటే. మడిగె మూసేముందు మెయిన్ స్విచ్ బంద్ చేయడం మా బజారు అలవాటు. దీన్ని మాత్రం బంద్ చేయకూడదు. అందుకని స్విచ్ పక్కన "ప్రభువు పేరిట ముట్టవద్దు" అని కాగితం అంటించారు. మేమూ ముట్టం, ఏ దేవుడితోనైనా ఎందుకు పెట్టుకోవడం చెప్పండి.

"ఇదొక్కటి నిలవడాలె శశికళా," అన్నారు ఒకరోజు జాలీ దులుపుతూ. "ఇది గూడ పోతే ఇంక ఏది పెట్టను. మడిగె కిరాయికిచ్చి ఇంట్ల కూసుంట."

నవ్వుతూనే అన్నారు. కానీ ఇంట్లో కూర్చుంటే ఆ మనిషి బతకరని నాకు తెలుసు. పొద్దంతా నలుగురు డ్రైవర్లు వచ్చి "సార్, సార్" అంటేనే ఆయనకు అన్నం సహిస్తుంది.

ఈ ఏడు బోనాలకు ముందు పెద్ద వాన పడింది. జల్లు మడిగెలోకి కొట్టింది. ఏడో ఖానాకు అప్పుడే తిక్క పుట్టింది. బ్యాటరీ సగం నిండినా వంద నిండిందని చెప్పడం మొదలుపెట్టింది. తెరమీద వంద చూసి డ్రైవర్ సంతోషంగా పోతాడు, సగం దారిలో ఆటో కాళ్లు చాపేస్తుంది. సార్ పొడిగుడ్డతో తుడిచి, ప్రార్థన చేసి, తనంతట తనే బాగవుతుందని చాలారోజులు చూశారు. అది బాగవలేదు.

ఆటో రాజేందర్‌కు ఆ ఏడో ఖానా బ్యాటరీయే తగిలింది. బేగం బజార్‌లో ఎండుమిరపకాయల బస్తాలు ఎక్కించుకుని వస్తుంటే నడి చౌరస్తాలో ఆగిపోయాడు. వెనక బస్సు, దాని వెనక ఇంకో బస్సు. బస్తాల్లో ఒకటి పగిలింది. హారన్ కొట్టేవాడు కొడుతూ తుమ్ముతున్నాడు, ట్రాఫిక్ పోలీసాయన విజిల్ ఊదబోయి తుమ్ముతున్నాడు. ఫోన్ రాగానే సార్ పరుగెత్తారు, ఆటోను నెట్టుకుంటూ గల్లీదాకా తెచ్చారు. ఇద్దరి కళ్లూ టమాటాల్లా ఉన్నాయి.

"సార్, మీరు పెద్దమనిషని ఊకుంటున్న," అన్నాడు రాజేందర్, ముక్కు తుడుచుకుంటూ. "కంపెనీకి ఫోన్ కొట్టుండ్రి."

కంపెనీకి ఫోన్ కొడితే మనిషి మాట్లాడరు. కంప్యూటరే ఆడపిల్ల గొంతుతో, చక్కని తెలుగులో మాట్లాడుతుంది. సార్‌కు ఆ పిల్లంటే ఎంత ముద్దో!

"నమస్కారం. మీ సమస్య ఏమిటి?"

"నమస్తే బిడ్డా. మంచిగున్నవా? ఏడో ఖానా అబద్ధాలు చెప్తున్నది."

"ఏడో ఖానా సమస్య ఎప్పుడు మొదలైంది?"

"మొన్న."

"మొన్న, అంటే సోమవారం. సరైనదేనా?"

"ఔ బిడ్డా."

"సోమవారం మీ ఏడో ఖానా సక్రమంగా పనిచేసింది. మీ ఫిర్యాదును ముగిస్తున్నాము. ధన్యవాదాలు."

మీరు ఈ ఊరివాళ్లు కాకపోతే ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. హైదరాబాద్‌లో మొన్న అంటే నిన్నటికి ముందురోజు కాదు. నిన్న కాకుండా అయిపోయిన ప్రతి రోజూ మొన్నే. ఉర్దూవాళ్ల పర్సోం కూడా అంతే. నా పెళ్లి మొన్న అయింది, మా మామగారు రిటైరయ్యింది మొన్న, అబిడ్స్‌లో రోడ్డు తవ్వింది మొన్న, పూడ్చిందీ మొన్నే. మేం పుట్టినప్పటి నుంచీ ఇట్లాగే బతుకుతున్నాం, ఏ ఇబ్బందీ రాలేదు.

"సోమవారం అంటే ఔనని ఎందుకన్నారు సార్?" అని కోప్పడ్డాను.

"ఆడపిల్ల. అంత మర్యాదగ అడుగుతుంటే కాదని ఎట్లంట?"

అదీ వరస. రోజు మార్చి రోజు ఫోన్ చేస్తారు, మొన్న అంటారు, ఆ పిల్ల సోమవారమనో గురువారమనో అంటుంది, ఈయన ఔనంటారు. ఆ రోజు కంప్యూటర్‌లో చూస్తే ఏడో ఖానా వంద నిండి కళకళలాడుతుంటుంది. దానికున్న రోగమే అది కదా! ఒకసారి నేనే ఫోన్ లాక్కుని నాలుగు మాటలు కడిగేశాను. "క్షమించండి, మీరు చెప్పిన తేదీ అర్థం కాలేదు" అంది.

చివరికి కంపెనీ నుంచి మెసేజ్ వచ్చింది. అబద్ధపు ఫిర్యాదులు పదేపదే చేస్తున్నందున మిషన్‌ను ఇక్కడి నుంచి తీసి హిమాయత్‌నగర్‌లో పెడతారట. సార్ దాన్ని రెండుసార్లు చదివి, ఫోన్ జేబులో వేసుకుని, బ్రష్ తీసుకుని ఫ్యాన్ జాలీ దులపడం మొదలుపెట్టారు. అప్పటికే దులిపిన జాలీయే.

రెండో రోజే మడిగె ముందు ట్రాలీ ఆటో ఆగింది. కంపెనీ చొక్కా వేసుకున్న అఖిలేష్ దిగాడు. గౌలిగూడ పిల్లాడే, మిషన్ తెచ్చి పెట్టిందీ వాడే.

"నాదేం లేదు సార్, పైనుంచి ఆర్డర్," అన్నాడు తల దించుకుని.

"నీ తప్పేమున్నది బిడ్డా. జర కూసో, చాయ్ తాగు."

మళ్లీ చాయ్! నేను కత్తెర పట్టుకునే బయటికొచ్చాను. "ఏం అఖిలేష్, ముసలాయనతోని ఆటలా? ఏడో ఖానా తెరిచి సూడకుండనే అబద్ధమంటున్రా?"

"అక్కా, నెట్‌ల అంతా మంచిగనే కనిపిస్తుంది. నేనేం చెయ్యాలె?"

డ్రైవర్లు మూగారు. అఖిలేష్ ఇబ్బందిగా అటూ ఇటూ చూసి, మిషన్ పైన గోడకున్న ఫోటో దగ్గర ఆగాడు. సార్ భార్య విక్టోరియా వదిన, నీలం చీరలో.

"ఆంటీ ఏరి సార్? నేను మిషన్ పెట్టేటప్పుడు గూడ కనపడలే."

"పోయింది బిడ్డా."

"అయ్యో! ఎప్పుడు?"

"మొన్న," అన్నారు సార్.

అఖిలేష్ చేతిలోని చాయ్ కింద పెట్టేశాడు. వాడు గౌలిగూడలో పుట్టినా ఏం లాభం, ఆఫీసులో పొద్దస్తమానం తారీఖులతో మాట్లాడి మాట్లాడి చెడిపోయాడు. వెంటనే వాళ్ల మేనేజర్‌కు ఫోన్ కలిపాడు. మృదుల మేడం అట, విజయవాడ వైపావిడ. వాడి ఫోన్ చెవి దగ్గర పలకదు, స్పీకర్ పెడితేనే పలుకుతుంది. అందుకని మా గల్లీ అంతా విన్నది.

"మేడం, సార్ వైఫ్ మొన్ననే చనిపోయిన్రట. ఇయ్యాల మిషన్ ఎట్ల తియ్యాలె?"

"అయ్యయ్యో! ఎంత పని జరిగిందండీ!" అంది మేడం. "వద్దొద్దు అఖిలేష్, వచ్చెయ్. మిషన్ అక్కడే ఉండనీ. పాపం ఆయన ఏ స్థితిలో ఉన్నారో! సార్, మేమంతా ఉన్నామండీ మీకు. ఇక తీయడం మాటే ఎత్తం."

నాకు ప్రాణం లేచొచ్చింది. రాజేందర్ నా వైపు చూశాడు, నేను రాజేందర్ వైపు చూశాను. నోరు మూసుకుంటే చాలు, మిషన్ నిలిచినట్టే. అంతలో సార్ గొంతు సవరించుకున్నారు. ఆ సవరింపు నాకు తెలుసు. కళ్లతో వద్దన్నాను, దగ్గాను, చివరికి చొక్కా పట్టి లాగాను. ఆగితేనా?

"అమ్మా, జర ఆగు. మీరు తప్పు అనుకుంటున్నరు. విక్టోరియా పోయి ఆరేండ్లయింది."

ఆ క్షణాన ఆయన్ను కొట్టాలనిపించింది నాకు.

"మరి మొన్న అన్నారటగా?" అంది మేడం, గొంతు మారిపోయి.

"ఔ అమ్మా. మొన్ననే."

"ఆరేళ్ల కిందటిది మొన్న ఎలా అవుతుందండీ?"

"ఏమో అమ్మా," అన్నారు సార్. "నిన్న లేదు, ఇయ్యాల లేదు. ఇంక మొన్న గాకుంటే ఎప్పుడంట?"

నా కోపమంతా ఎటు పోయిందో పోయింది. కళ్లు నిండాయి, కత్తెర ఉన్న చేత్తోనే తుడుచుకున్నాను. ఫోన్ అవతల ఆవిడ నెమ్మదిగా, "సార్, ఏడో ఖానా మొన్న పాడయిందని చెప్పారు కదండీ ప్రతిసారీ. ఆ మొన్న కూడా..." అని ఆగింది.

"గది గూడ గిట్లాంటి మొన్ననే మేడం!" అని నేను అందుకున్నాను. "పెద్ద వాన పడ్డనాడు తడిసింది!"

"ఆ వాన ఎప్పుడు పడిందండీ?"

అంతే, డ్రైవర్లంతా ఒక్కసారే మొదలుపెట్టారు. బోనాలకు ముందటి ఐతారమని ఒకడు, కాదు శనివారమని ఒకడు. ఐతారమే, ఆ రోజు చర్చి నుంచి తడుచుకుంటూ వచ్చానని సార్ తేల్చారు. కీబోర్డు టకటకలు వినిపించాయి.

"ఉందండీ," అంది మేడం. "ఆ ఆదివారం ఏడో ఖానాలో తడి చేరిందని ఒకే ఒక్క హెచ్చరిక వచ్చింది. ఎవరూ చూడలేదు. అప్పటినుంచి ఏ బ్యాటరీ పెట్టినా వెంటనే వందే చూపిస్తోంది. తప్పు మాదేనండీ. అఖిలేష్, మిషన్ కదపకు. ఏడో ఖానా ఒక్కటీ మూసెయ్, కొత్తది పంపిస్తాం."

"ఎప్పుడు పంపిస్తరు మేడం?" అని అడిగాను. నాకు నోరు ఆగదు.

"రేపు," అంది మేడం.

మా గల్లీ మొత్తం నవ్వింది. రేపు సంగతి మాకు తెలియదా! ఆవిడకు ఎందుకు నవ్వుతున్నామో అర్థం కాలేదు గానీ ఆవిడా నవ్వింది.

అఖిలేష్ ఏడో ఖానాకు తాళం వేశాడు, మిగిలిన చాయ్ తాగాడు, సార్ చేతులు ఒకసారి పట్టుకుని ట్రాలీ ఎక్కాడు. డ్రైవర్లు బ్యాటరీలు మార్చుకుని ఒక్కొక్కరే పోయారు. సార్ మాత్రం గడపలో నిలబడి పోతున్న ట్రాలీనే చూస్తున్నారు.

"ఏంది సార్, గట్ల సూస్తున్రు? పనైపోయింది కదా, లోపలికి రాండ్రి," అన్నాను.

"నా మడిగె ముంగట ఆగిన బండి ఖాళీగ పోవుడు గిదే మొదలు శశికళా," అన్నారాయన. "జర సూడనియ్యి."

అది అబిడ్స్ మలుపు తిరిగేదాకా ఇద్దరం అక్కడే నిలబడ్డాం.