ఫ్రెంచి మాటకు నాయన తాళం

తిరుపతిలో ఫ్రెంచి మౌఖిక పరీక్ష. అప్పటికే ఒకసారి తప్పాను. చదవాల్సిన పాఠంలో ‘కోంకిలికుల్‌త్యూర్’ అనే మాటకు నోరు తిరగలేదు. ఆల్చిప్పల పెంపకమని దాని అర్థం.

వడమాలపేటలో డోలు వాయించే మా నాయన నా అవస్థ చూసి, “అయిదు ముక్కలే గదమ్మా, తకతకిట మాదిరి. తొడమీద తాళమేసుకోని సెప్పు, అదే వస్తాది” అన్నాడు. కోం, కి, లి, కుల్, త్యూర్. సాయంత్రమంతా ఇద్దరికీ అదే పని.

మర్నాడు పరీక్షలో ఆ మాట రాగానే చెయ్యి తొడమీద పడింది. నోట్లోంచి మాత్రం గట్టిగా “తకతకిట” అని వచ్చేసింది. పరీక్ష పెట్టే మేడమ్ కళ్లజోడు తీసి చూసింది. మళ్లీ తాళమేశాను. ఈసారి మాట గలగలా పలికింది. ఆమె బల్లమీద అయిదు దెబ్బలు వేసి, “ఇంకోసారి చెప్పు” అంది.

ప్యాసయ్యాను. నాయన ఇంతవరకూ సముద్రం చూడలేదు. ఆ మాట మాత్రం నాకంటే బాగా పలుకుతాడు.