సీతారావమ్మ గారి రీపోలింగ్

లెక్కల్లో నన్ను తప్పు పట్టినవాళ్లు ఇప్పటిదాకా ఇద్దరే. ఒకరు పదో తరగతిలో నాకు పాఠం చెప్పిన మాస్టారు. రెండోవారు సీతారావమ్మ గారు. ఆవిడ లెక్కల టీచరు కూడా కాదు, సోషల్. చల్లపల్లి చుట్టుపక్కల హైస్కూళ్లలో ముప్పయ్యేళ్లు పనిచేసి రిటైరై, ఇప్పుడు విజయవాడ సత్యనారాయణపురంలో ఉంటున్నారు. నేనేమో కోచింగ్ కాలేజీలో రోజుకి ఆరు గంటలు లెక్కలు చెప్పి బతికేవాణ్ణి. అప్పట్లో ఒప్పుకోవడానికి నామోషీగా ఉండేది. ఇప్పుడు నలుగురిలోనూ గర్వంగానే చెప్పుకుంటున్నాను.

మాకు పరిచయం శ్రుతపాఠంలో. అదొక ఆన్‌లైన్ బృందం. చూపు లేని విద్యార్థుల కోసం పుస్తకాలు గట్టిగా చదివి రికార్డు చేసి పెడతాం. చదివేవాళ్లూ వినేవాళ్లూ కలిపి నూట పన్నెండుమందిమి. అందరికీ ఓటుంది. ఆఫీసు లేదు, అధ్యక్షుడు లేడు. ఏదైనా తేల్చుకోవాలంటే వెబ్‌సైట్‌లో వారం రోజులు ఓటింగ్ పెడతాం. ఆ పేజీ తయారుచేసిందీ, నియమాలు రాసిందీ నేనే. నా అంత పకడ్బందీగా ఎవరూ రాయలేరని నా నమ్మకం.

సీతారావమ్మ గారు తొమ్మిదేళ్లుగా రోజూ పదకొండు నుంచి ఒంటిగంట దాకా చదువుతారు. మే నెలలో కూడా ఫ్యాన్ ఆపేసి, కిటికీకి బొంత కట్టుకుని. బెజవాడ ఎండ తిన్నవాళ్లకి ఆ మాట విలువ తెలుస్తుంది. ఆ రెండు గంటలూ వాళ్లాయన వెంకటసుబ్బారావు గారు మిక్సీ వేయకూడదు, తుమ్మొస్తే వీధిలోకి వెళ్లాలి. “మా ఇంట్లో రోజూ కర్ఫ్యూ అండీ” అంటారాయన. అలా నలభై మూడు పుస్తకాలు పూర్తి చేశారావిడ.

పోయినేడాది, గన్నవరం నుంచి మా బృందంలో ఉన్న లక్ష్మీకాంత్ ఒక ప్రతిపాదన తెచ్చాడు. ఇకమీదట కొత్త పుస్తకాలన్నీ కంప్యూటర్ గొంతుతోనే చదివించాలని. మనిషి చదివితే పుస్తకానికి నాలుగు నెలలు పడుతోంది, కంప్యూటర్‌కి ఒక పూట చాలు. పరీక్షలు నెత్తిమీద ఉన్న పిల్లలకి అది చిన్న విషయం కాదు. కానీ అది నెగ్గితే సీతారావమ్మ గారి చదువు ఆగిపోతుంది. ఆవిడ బాధ దాచుకునే మనిషి కాదు. “ఈ పని పోతే పొద్దున్నే లేచి నేనేం చెయ్యాలి ప్రద్యుమ్నా? గోడలకేసి చూస్తూ కూర్చోనా?” అని నాతో ఫోన్లోనే ఏడ్చేశారు.

పెద్ద మార్పు నెగ్గాలంటే మూడింట రెండొంతులమంది అవుననాలి. ఇది నా నియమం. ఎంతమందిలో రెండొంతులు? పేజీ తెరిచినవాళ్లందరిలో. తెరిచి, వారంలోగా ఏమీ నొక్కనివాళ్లు తటస్థం కింద పడతారు, వాళ్లూ మొత్తంలోకి వస్తారు. అవునని చెప్పని మనిషి ఒప్పుకోనట్టే కదా అని నా తర్కం.

తొంభైమంది పేజీ తెరిచారు. నలభై ఆరు అవును, పంతొమ్మిది కాదు, ఇరవై అయిదు తటస్థం. అరవై రావాలి, రాలేదు. ప్రతిపాదన వీగిపోయింది. “నోరెత్తనివాళ్లని పక్కన పెడితే అరవై అయిదులో నలభై ఆరండీ, డెబ్బై శాతం! ఎలా ఓడిపోతాం?” అని లక్ష్మీకాంత్ రెండ్రోజులు గ్రూపులో యుద్ధం చేశాడు. రూలు రూలేనని నేను భీష్మించుకున్నాను.

శుభవార్త కదా అని సీతారావమ్మ గారికి ఫోన్ చేశాను.

“టీచర్ గారూ, గెలిచారండీ.”

“ఏం గెలుపయ్యా? తొంభైమందిలో ఇరవై అయిదుమంది గోడ మీద పిల్లులా? ఎలక్షన్ డ్యూటీలో ఎన్ని బూత్‌లు చూశాను నేను! అంతమంది ఎక్కడా ఉండరు. ఏదో జరిగింది. వాళ్ల పేర్లు పంపించు.”

పంపించాను. ఆవిడ ఇరవై అయిదుమందికీ ఫోన్ చేశారు. మూడో రోజు నాకు చేశారు.

“నీ పేజీలో మూడు మీటలున్నాయి కదా. చూపు లేనివాళ్ల ఫోన్ తెరమీద ఉన్నది పైకి చదువుతుంది కదా. నీ మీటల దగ్గరకొచ్చేసరికి ఏమంటోందో తెలుసా? ‘బటన్, బటన్, బటన్’. అంతే!”

వెంటనే పేజీ తెరిచి చూశాను. అందంగా ఉంటుందని మాటలకు బదులు బొమ్మలు పెట్టాను. ఆకుపచ్చ టిక్కు, ఎర్ర ఇంటూ, బూడిదరంగు సున్నా. బొమ్మకి పేరు రాయకపోతే ఫోన్‌కి చదవడానికేమీ ఉండదు. ఇరవై అయిదుమందిలో ఇరవై ఒక్కరు వినేవాళ్లే. ఏది అవునో ఏది కాదో తెలియక, తప్పుది నొక్కుతామేమోనని ఊరుకున్నారు. చూపు లేనివాళ్ల కోసమే పెట్టిన బృందంలో ఇంత గుడ్డి పని చేసింది లెక్కల మేధావినైన నేను.

“ఒక్కరూ చెప్పలేదేంటండీ?”

“వాళ్లకి అలవాటైపోయిందయ్యా. మళ్లీ పెట్టు ఓటింగ్.”

“మళ్లీ పెడితే మీరు ఓడిపోవచ్చు టీచర్ గారూ.” ఆ మాట అన్నందుకు నాకిప్పటికీ సిగ్గే.

ఆవిడ నెమ్మదిగా చెప్పారు. “ఒకసారి ఏటి మధ్య లంక ఊళ్లో బూత్ పడింది నాకు. దానమ్మని ఒక ముసలావిడ, చూపు లేదు. ఊళ్లో పెద్దమనిషి ఒకాయన తోడొచ్చి ఆవిడ ఓటు తనే నొక్కుతానన్నాడు. అంతకుముందే ఒకరికి తోడొచ్చాడు, సంతకం కూడా ఉంది నా దగ్గర. ఒక మనిషి ఒక్కరికే తోడు రావాలండీ, కుదరదన్నాను. నా బల్ల తన్నేసి వెళ్లాడు. అయినా దానమ్మ మనవరాల్ని పిలిపించేదాకా ఆవిణ్ణి నా పక్కనే కూర్చోబెట్టుకున్నాను. ఆ పూట తగ్గనిదాన్ని, నా రెండు గంటల చదువు కోసం ఇరవై ఒక్కమంది నోరు నొక్కుతానా?”

ఆదివారం అందరం ఆన్‌లైన్‌లో కూర్చున్నాం. నేను తప్పు ఒప్పుకున్నాను. మరి తటస్థం సంగతేమిటని లక్ష్మీకాంత్ అడిగితే సీతారావమ్మ గారే అందుకున్నారు.

“బూత్‌లోకొచ్చి, వేలికి సిరా పూయించుకుని, నేను వెయ్యనన్నవాడు ఒక రకం. ఆ మాట రిజిస్టర్లో రాస్తాం, గెలుపోటముల లెక్కలో కలపం. అసలు రానివాడు ఇంకో రకం. గుమ్మం దాకా వచ్చి మెట్టెక్కలేకపోయినవాడు మాత్రం తటస్థం కాదండీ. మెట్టు సరిగ్గా కట్టకపోవడం మన తప్పు.”

అలా కొత్త నియమం పుట్టింది. తటస్థం మీట నొక్కినవాళ్లే తటస్థులు. వాళ్ల సంఖ్య ఫలితంలో చూపిస్తాం గానీ భాగహారంలోకి తీసుకోం. మౌనానికి మనం పేరు పెట్టకూడదు. దీన్ని ఆమోదించడానికి చేతులెత్తండి అన్నాను. “ఎవరికి కనపడతాయయ్యా చేతులు? పేరు పిలువు, నోటితో చెబుతారు” అని గదమాయించారావిడ. డెబ్బై ఎనిమిది పేర్లు పిలిచేసరికి గంటంబావు పట్టింది. అయిదుగురు తప్ప అందరూ సరేనన్నారు.

మీటలు మాట్లాడేలా సరిచేసి, వినేవాళ్ల చేతే పరీక్ష చేయించి, మళ్లీ వారం రోజులు ఓటింగ్ పెట్టాం. అరవై ఒకటి అవును, ఇరవై మూడు కాదు, ఆరు తటస్థం. కొత్త లెక్కలో నెగ్గింది. ఎందుకైనా మంచిదని పాత లెక్క కూడా కట్టి చూశాను, అందులోనూ నెగ్గింది. సీతారావమ్మ గారు ఓడిపోయారు.

ఆ సాయంత్రం ఉండబట్టలేక వాళ్లింటికి వెళ్లాను. కళ్లు ఎర్రగా ఉన్నాయి గానీ మాట గట్టిగానే ఉంది. “సక్రమంగా ఓడాను, అంతే చాలు” అన్నారు. అలాంటి మనిషి మా బృందంలో ఉన్నందుకు నా గుండె పొంగింది, ఆ మాటే ఆవిడతో అన్నాను. “ఊరుకోవయ్యా” అని కసిరారు.

అంతలో ఫోన్ మోగింది. అక్షయ. డిగ్రీ చివరి ఏడాది, పుట్టుకతో చూపు లేదు. సీతారావమ్మ గారి పుస్తకాలు వింటూనే ఇంటర్ గట్టెక్కిన పిల్ల. నాకూ వినపడేలా స్పీకర్ పెట్టారు.

“టీచర్ గారూ, మీరేమీ అనుకోనంటే ఒకటి చెప్తానండి. మీ గొంతంటే నాకు ప్రాణం. కానీ ఓటింగ్‌లో నేను...”

“ఆగు!” బూత్‌లో ఆఫీసరు గొంతది. “ఎటు వేశావో నాకు చెప్పకు తల్లీ. ఎవరికీ చెప్పక్కర్లేదు. నీ అంతట నువ్వే నొక్కావా?”

“నేనే నొక్కానండి. పక్కనెవరూ లేరు. మొన్న ఎలక్షన్లలో నా ఓటు మా మావయ్యే నొక్కాడండి. ఎటు నొక్కాడో నాకు చెప్పలేదు.”

సీతారావమ్మ గారు ఫోన్ రెండు చేతులతోనూ పట్టుకున్నారు.

“ఓటు మిషన్ మీద గుర్తుల పక్కన బ్రెయిలీ అంకెలుంటాయమ్మా. వచ్చేసారి నువ్వే నొక్కు. ఎవడైనా అడ్డొస్తే నాకు ఫోన్ చెయ్యి, నేనొస్తాను.”