మెడల పసుపుకొమ్ము

జైల్ల ఏస్తే మనిషి మల్ల ఆ తప్పు చెయ్యకుండ ఉంటడా అని ఫోన్ల అడిగినవ్ గద చిన్నా. నాకైతే ఒకామె యాదికొచ్చింది. తెలంగాణ కోసం జనం రోజూ రోడ్ల మీద కూసుంటున్న కాలమది.

దిల్‌సుఖ్‌నగర్‌ల బస్సెక్కితే నా పక్కన కూసుంది, నా ఈడుదే. ఒళ్లె సంచి. మెడల పుస్తెలు లెవ్వు, పసుపు దారానికి పసుపుకొమ్ము కట్టుకుంది.

కండక్టర్ గుర్తువట్టిండు. "ఏందక్కా, మల్ల అత్తగారింటికేనా?"

"ఔ తమ్మీ. గీసారి దుప్పటి గూడ తెచ్చుకున్న," అని నవ్వింది.

అత్తగారిల్లంటే జైలే. ఎల్బీనగర్ చౌరస్తల రోడ్డుకు అడ్డం కూసున్నదని ఇంతకుముందు గూడ లోపలేసిండ్రంట. మల్ల కనవడితే శాన రోజులు ఉంచుతనని జడ్జి గట్టిగనే చెప్పిండంట.

"భయమైతలేదా అక్కా?" అని నేనడిగిన.

"ఎందుకు గాదు? కోడలికి నెలలు నిండినయ్. కాన్పు నాటికి నేనుంటనో ఉండనో. గని ఇయ్యాల నేను కూసోకుంటే, రేపు ఆ పుట్టేటోడు కూసోవాలె."

మెడ తడుముకుంది. "పోయినసారి జైలు గేటు కాడ పుస్తెలు తీపిచ్చిండ్రు. గప్పుడు మాత్రం ఏడ్చిన. అందుకే ఈసారి దేవుని కాడ పెట్టి, గిది కట్టుకొచ్చిన."

ఎల్బీనగర్ రాకముందే బస్సు ఆగింది. ముంగట జనం, పోలీసులు. ఆమె దిగి, పోలీసుల నడుమ నుంచే పొయ్యి, రోడ్డు మీద దుప్పటి పరిచి కూసుంది.

కిటికీల నుంచి నేనడిగింది ఆమెకు ఇనవడ్డదో లేదో.

"పుస్తెలు మల్ల ఎప్పుడు కట్టుకుంటవక్కా?"