కోటలో చెప్పులు విప్పిన రోజు

పోయిన ఆదివారం కోదాడ నుంచి మా ఆడపడుచు పిల్లల్ని తీసుకుని వస్తే పిల్లలమర్రి గుళ్లు చూపిద్దామని బయలుదేరాం. సూర్యాపేటలో ఉండేవాళ్లకు ఇంటికి చుట్టాలొస్తే చూపించడానికి అంతకంటే దగ్గరి చోటు లేదు. చెప్పులు బయట వదిలి లోపల కాలు పెట్టగానే బండ చురుక్కుమంది. "సాక్సులు వేసుకుని రావాల్సింది వదినా, ఎండ చూశావా ఎలా ఉందో!" అంటూ ఆమె గెంతుకుంటూ నీడలోకి పరుగెత్తింది. నేను కదల్లేదు. మంట భరించలేనంత అయ్యేదాకా అక్కడే నిలబడ్డాను. భక్తి అనుకున్నారు మావాళ్లు. నాలో ఉన్నది కోపం, ఇరవై ఏళ్ల నాటిది. కాలు కాలినప్పుడల్లా నాకు కమల మేడం గుర్తొస్తారు, ఆమెతో పాటు ఆ కోపమూ లేచి కూర్చుంటుంది.

కమల మేడం మిర్యాలగూడలో ఒక ప్రైవేటు బడిలో మాకు తొమ్మిదో తరగతి సోషల్ చెప్పేవారు. బడి పేరు రాయను, రాసినంత మాత్రాన వాళ్లకు సిగ్గు రాదు. మాడుగులపల్లి దగ్గర ఒక తండా నుంచి రోజూ బస్సులో వచ్చేవారు. ఇంట్లో లంబాడీ, మాతో తెలుగు, స్టాఫ్‌రూంలో ఎవరైనా ఆమె మాటతీరును వెక్కిరిస్తే మాత్రం గుక్కతిప్పుకోకుండా ఇంగ్లీషు. కాకతీయుల పాఠం వచ్చిన రోజు పుస్తకం మూసి బల్ల మీద పెట్టారు. "బస్సెక్కితే మధ్యాహ్నం కల్లా ఓరుగల్లుల ఉంటం. ఈ నల్ల ఫోటో సూసి ఏం రాస్తరు మీరు?" అన్నారు. ఇంటింటికీ తిరిగి అమ్మానాన్నలతో సంతకాలు పెట్టించుకున్నది కూడా ఆమే. గరిడేపల్లి మండలంలో ఉన్న మా ఊరికి వచ్చినప్పుడు మా నాన్న ఆమెను అరుగు మీదే కూర్చోబెట్టి మాట్లాడాడు. అమ్మ మంచినీళ్లు స్టీలు గ్లాసులో కాకుండా ప్లాస్టిక్ గ్లాసులో ఇచ్చింది. ఆమె తాగారు. నేను చూశాను, అప్పుడు నాకు అందులో తప్పేమీ కనబడలేదు.

అప్పట్లో బడి టూరంటే ఒక బస్సు మాట్లాడి, రోజంతా పది చోట్ల దింపి ఎక్కించి, ప్రతిచోటా గ్రూప్ ఫోటో తీసి ఇంటికి చేర్చడం. ఆమె ఇరవై ఒక్క మంది ఆడపిల్లల్ని ఆర్టీసీ బస్సులో తీసుకెళ్లారు. శనివారం పోయి ఆదివారం రావడం, రాత్రికి ఆమె చదువుకున్న హాస్టల్లో పడక. ఊరంతా నడకే. ఆదివారం కోటకు పోయే దారిలో మట్టికట్ట దాటాక ఒకసారి, రాతి గోడ దాటాక ఒకసారి మమ్మల్ని ఆపారు. "ఆగుండ్రి. ఇప్పుడు ఎనక్కి మళ్లి సూడుండ్రి. వచ్చేటప్పుడు కనబడంది ఏమన్న కనబడ్తుందా?" అని అడిగేవారు. కనబడేది. లోపలికి వచ్చేవాడికి వంపు తిరిగిన దారి తప్ప ఏమీ తెలియదు, వెనక్కి తిరిగితే గోడ మీద నిలబడ్డవాడికి మనం ఎంత సులువుగా దొరుకుతామో అర్థమయ్యేది. ఒక పగిలిన బండ అంచున వరసగా ఉన్న చిన్న గుంటల్లో మా వేళ్లు పెట్టించారు. "గీడ ఉలితోని తొర్రలు కొడ్తరు. కట్టె మేకులు దించి నీళ్లు పోస్తరు. కట్టె ఉబ్బితే బండ పలుగుతది. మా మేనమామ ఇప్పటికీ గిట్లనే కొడ్తడు" అన్నారు. చరిత్రలో నాకు తెలిసినవాళ్ల మనిషి ఒకరుండటం అదే మొదటిసారి.

కోట మధ్యలో ఉన్న రాతి తోరణాల నడుమకు వెళ్లేసరికి మిట్టమధ్యాహ్నమైంది. శివరాత్రి వెళ్లిన వారం, ఎండ అప్పుడే ముదురుతోంది. అక్కడ నేలంతా విరిగిన శిల్పాలు. మూతి పోయిన నంది, సగం ఏనుగు, తల లేని దేవత. మా ఊళ్లో గుడి గడప కనబడితే చాలు, చెయ్యి దానంతటదే చెప్పుల దాకా పోతుంది. నేను నంది ముందు చెప్పులు విప్పేశాను. నన్ను చూసి ఇంకొకతె, ఆమెను చూసి అందరూ. మేడం వెనక్కి తిరిగి చూసి కంగారుపడ్డారు.

"అరే, స్వర్ణా! చెప్పులేస్కో. ఇది ఇప్పుడు గుడి గాదు బిడ్డా, బండలు కాలుతున్నయ్."

"దేవుళ్లున్నరు కద మేడం, చెప్పులతోని ఎట్ల తిరుగుతం?"

"దేవుళ్లు ఏమనరు. నా మాటిను, ఏస్కో."

మేం ఎవరమూ వినలేదు. ఆమె తన చెప్పులు కూడా విప్పి చేతిలో పట్టుకున్నారు. "మీరంత ఉత్తకాళ్లతోని నడుస్తుంటే నేనొక్కదాన్నే ఏసుకుంటే బాగుంటదా?" అని నవ్వారు. నీడ నుంచి నీడకు మమ్మల్ని పరుగెత్తించారు. అయినా బస్టాండుకు వచ్చేసరికి నలుగురికి అరికాళ్లు బొబ్బలెక్కాయి, అందులో నేనొకదాన్ని. నల్లా దగ్గర కూర్చోబెట్టి మా కాళ్లు ఆమే కడిగారు, మందుల దుకాణం నుంచి మలాం తెచ్చి పూశారు. బస్సులో ఆమె తన కాళ్లు సంచి మీద ఆనించి పెట్టుకుని వచ్చారు. ఆ కాళ్లకు ఏమైందో మాలో ఒక్కరం కూడా అడగలేదు.

సోమవారం పొద్దున మా నాన్న బడికి వచ్చాడు. తోడుగా ఇంకో ఇద్దరు రైతులు. కరస్పాండెంటు గది బయటికి కూడా నాన్న గొంతు వినబడింది. "తండోళ్లకు నడుసుడు అలవాటే సార్. మా పిల్లలు గట్ల నడుస్తరా? చెప్పులు లేకుంట ఎండల తిప్పుడేంది? ఎవలిని బడిల పెట్టుకోవాల్నో మీకు ఎర్కనే లేదా?"

ఏ ఎండ గురించి నాన్నా నువ్వు మాట్లాడింది? యాసంగి కోతలయ్యాక తారురోడ్డు మీద వడ్లు ఆరబోసి, మధ్యాహ్నం రెండింటికి అమ్మనూ నన్నూ ఉత్తకాళ్లతో వాటిలో నడిపించి తిప్పించింది ఎవరు? అప్పుడు లేచిన బొబ్బలకు నువ్వు ఏ ఆఫీసుకు పోయావు? మన పొలంలో నాట్లు వేసే ఆడవాళ్ల కాళ్లు ఎప్పుడైనా చూశావా? నీ బాధ బొబ్బల గురించి అయితే నేను ఒక్క మాట అనేదాన్ని కాదు. నీ కూతురికి దారి చూపించింది తండా మనిషి కావడం నీకు మింగుడుపడలేదు. నువ్వు పోయి ఆరేళ్లయింది. అయినా దీన్ని క్షమించడం నావల్ల కాలేదు.

నన్ను లోపలికి పిలిచారు. కరస్పాండెంటు గారు తల ఎత్తకుండానే అడిగారు.

"మీ మేడం మిమ్మల్ని ఎండలో తిప్పిందా?"

"తిప్పింది సార్."

"చెప్పుల్లేకుండా నడిచారా?"

"నడిచినం సార్."

"చాలు, పో."

రెండూ నిజాలే. వేసుకోమని ఆమె బతిమాలిన సంగతి నా నాలుక చివర దాకా వచ్చింది. ఎదురుగా నాన్న కూర్చుని ఉన్నాడు. వచ్చిన మాటను మింగేసి బయటికి నడిచాను. తలుపు పక్కన మేడం నిలబడి ఉన్నారు. లోపలికి పిలుస్తారని ఎదురుచూస్తున్నారు. నా భుజం తట్టి, "మంట తగ్గిందా?" అని అడిగారు. ఆమెను పిలవనే లేదు. మర్నాడు లెక్కల సారు వచ్చి సోషల్ పుస్తకం తెరిచారు, మిగిలిన పాఠాలు చదివించి వదిలేశారు.

ఇప్పుడు నేను ఒక సర్కారు బడిలో హెడ్మాస్టర్ని. టీచరు మీద ఎవరైనా ఫిర్యాదు తెస్తే ముందు ఆ టీచరును పిలిచి కుర్చీ వేస్తాను. నా మెత్తదనం వల్లే బడి పాడవుతోందని గిట్టనివాళ్లు అంటారు. అననివ్వండి.

నాలుగేళ్ల క్రితం సూర్యాపేట బస్టాండులో మేడం కనబడ్డారు. జుట్టు నెరిసింది. ఆ గొడవ తర్వాత మిర్యాలగూడలో ఏ బడీ రానివ్వలేదట, పెద్దవూరలో పిల్లలకు ట్యూషన్లు చెప్పుకుంటున్నారట. నేను ఆమె చెయ్యి పట్టుకుని, "ఆ రోజు నేను మొత్తం చెప్పలేదు మేడం" అన్నాను.

"నువ్వు చిన్నపిల్లవు. నిన్ను పిలిచిండ్రు, అడిగిండ్రు. నేను దర్వాజ కాడనే నిలవడ్డ. నన్ను ఒక్క మాట అడగలే బిడ్డా. ఇన్నేండ్లల్ల ఎవ్వరు అడగలే."

"నేను అడుగుతున్నా మేడం. ఆ రోజు ఏమైంది?"

ఆమె నా మొహంలోకి చూశారు. వేళాకోళం కాదని తెలిశాక బెంచీ మీద సర్దుకుని కూర్చుని మొదటి నుంచి చెప్పడం మొదలుపెట్టారు. సంతకాల కోసం తిరిగిన ఊళ్లు, మట్టికట్ట, నల్లా, మలాం. ఆమె ఎక్కాల్సిన బస్సులు రెండు వెళ్లిపోయాయి. తోరణాల దగ్గరికి వచ్చేసరికి ఒక్క క్షణం ఆగారు.

"ఆడికి పోంగనే పిల్లలందరు ఒక్కసారే విప్పిండ్రు. ఎవలు ముందు విప్పిండ్రో నేను సూడలే."

చూశారు. నన్ను పేరు పెట్టి పిలిచారు. పదహారేళ్ల తర్వాత, ఉద్యోగం పోయి, పేరు పోయి, ఎవరూ లేని బెంచీ మీద నాతో మాట్లాడుతూ కూడా ఆమె నా పేరు బయట పెట్టలేదు. అందుకే నేనే రాస్తున్నాను. మొదట విప్పింది నేను. ఆమె వేసుకోమన్నారు, రెండుసార్లు వేసుకోమన్నారు.